దాక్కున్న అడ్మినిస్ట్రేటర్‌ని లేపేముందు

కొడుకు ఉద్యోగం బెంగళూరులో, కంప్యూటరు విజయనగరం కంటోన్మెంటులో. అమ్మానాన్నలు కొత్త ప్రింటరు కొనుక్కుని దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరు వేసుకుందామంటే తెర మసకబారి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇమ్మని అడుగుతుంది. అది తెలిసిన ఒక్క మనిషీ మీటింగులో ఉంటాడు. పిల్లలు బయట, పెద్దలు ఇంట్లో ఉండే కుటుంబాలు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో బోలెడు కాబట్టి ఈ తంటా కూడా బోలెడు ఇళ్లలో ఉంది. పక్కింటి కుర్రాడైనా, యూట్యూబైనా ఇచ్చే సలహా ఒకటే: "విండోస్‌లో దాక్కున్న అడ్మినిస్ట్రేటర్ ఒకడుంటాడు, వాణ్ణి లేపండి, ఇంక ఏదీ అడగదు."

అలాంటి అకౌంట్ ఉన్న మాట నిజం. ఒక్క కమాండుతో అది బయటికొస్తుందన్నదీ నిజమే. ఇంక ఏదీ అడగదన్నది కూడా దాదాపు నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. పైగా ఆ ఇంటి సమస్యకి ఈ సలహా అసలు పనికిరాదు. ఆ అకౌంట్‌ని లేపాలంటే ముందు మీ చేతిలో అడ్మిన్ హక్కులు ఉండాలి. పాస్‌వర్డ్ తెలియని పెద్దవాళ్ల దగ్గర లేనిదే అది.

మరి హక్కులున్నవాళ్ల సంగతి? వాళ్ల ఫిర్యాదు మా వైపు ఇలా వినిపిస్తుంది: "ఏటండీ, కంప్యూటరు నాది, అడ్మిన్‌నీ నేనే. మళ్లీ నన్నే పర్మిషన్ అడుగుతాదేటి?"

న్యాయమైన ప్రశ్నే. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్స్ అని ఒక గ్రూపు ఉంటుంది. కొత్త కంప్యూటరులో మొదట తయారుచేసుకున్న అకౌంట్‌ని ఆ గ్రూపులో చేరుస్తారు. మీరు అడ్మిన్ అంటే అర్థం అదే, ఆ గ్రూపులో ఒక సభ్యుడు. దాక్కుని ఉన్నది వేరే. విండోస్ ఇన్‌స్టాల్ అయినప్పుడే తనతోపాటు పుట్టించుకున్న అకౌంట్ అది, దాని పేరే అడ్మినిస్ట్రేటర్. ప్రతి అకౌంట్‌కీ లోపల ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఈ అకౌంట్ సంఖ్య ఎప్పుడూ 500తో ముగుస్తుంది. గెస్ట్ అకౌంట్‌ది 501. మనం తయారుచేసుకునేవి 1000 నుంచి మొదలవుతాయి. పేరు మార్చి రాజు అని పెట్టుకున్నా చివరి 500 మారదు, అందుకే పేరు మారిస్తే దొంగలకి దొరకదన్న సలహాలో పస తక్కువ. దాన్ని డిలీట్ చేయడం కుదరదు. నిద్రపుచ్చగలరు, లేపగలరు, అంతే.

ఇది మొదటినుంచీ నిద్రపోతూ లేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు అది మెలకువగానే ఉండేది, కాకపోతే వెల్‌కమ్ తెర మీద కనిపించేది కాదు. ఎక్స్‌పీ హోమ్‌లో దానికి పాస్‌వర్డే ఉండేది కాదు. స్టార్ట్ అవుతున్నప్పుడు ఎఫ్8 కొట్టి, అతి తక్కువ ప్రోగ్రాములతో తెరుచుకునే సేఫ్ మోడ్‌లోకి వెళితే బొమ్మతో సహా ప్రత్యక్షమయ్యేది. నెట్ సెంటర్ల కాలంలో కాలేజీ కుర్రాళ్లకి ఈ దారి పాఠాలకంటే బాగా వచ్చు. ఎక్స్‌పీలో ఇంట్లో అందరూ అడ్మిన్లే, ఏ ప్రోగ్రాం తెరిచినా అది పూర్తి హక్కులతోనే నడిచేది. పాటల సైట్‌లో దొరికిన ఫైలు కూడా.

2007 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టాతో మైక్రోసాఫ్ట్ రెండు మార్పులు చేసింది. దాక్కున్న అకౌంట్‌ని నిద్రపుచ్చింది. రెండోది, యూజర్ అకౌంట్ కంట్రోల్ తెచ్చింది, అదే యూఏసీ. అడ్మిన్ లాగిన్ కాగానే విండోస్ అతనికి రెండు టోకెన్లు, అంటే ఏమేం చేయొచ్చో చెప్పే చీటీలు, రాస్తుంది. ఒకటి మామూలు మనిషిది, రెండోది పూర్తి హక్కులది. బ్రౌజరు, వర్డ్, వాట్సాప్ అన్నీ మొదటి టోకెన్ మీదే నడుస్తాయి. డ్రైవరు వేయడంలాంటి పని వచ్చినప్పుడు తెర మసకబడుతుంది, "అవును" కొడితే ఆ ఒక్క ప్రోగ్రాంకి రెండో టోకెన్ దొరుకుతుంది. అంటే ఆ ప్రశ్న మీ అధికారాన్ని శంకించి అడుగుతున్నది కాదు. ఈ పని చేయమన్నది మీరేనా, మీ పేరు చెప్పుకుని ఇంకేదైనా ప్రోగ్రామా అని తేల్చుకుంటున్నది. తెర మసకబడటం కూడా అలంకారం కాదు. ఆ క్షణంలో విండోస్ వేరే డెస్క్‌టాప్‌కి మారుతుంది, మిగతా ప్రోగ్రాములు అక్కడికొచ్చి మీ తరఫున మీట నొక్కలేవు.

ఇప్పుడు దాక్కున్న అకౌంట్‌కీ మీ అకౌంట్‌కీ తేడా ఏంటంటే, దానికి రెండు టోకెన్లు ఉండవు. మామూలు అమరికలో దానికి ఉండేది పూర్తి హక్కుల టోకెన్ ఒక్కటే, తెరిచిన ప్రతిదీ దాని మీదే నడుస్తుంది. మీరు "అవును" కొడితే ఏమేం చేయగలరో అదీ అంతే చేయగలదు, అంతకుమించి దానికి ఒక్క హక్కూ ఎక్కువ లేదు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని చోట లావు తీగ చుట్టేస్తే ఇంటికొచ్చే కరెంటు పెరగదు కదా, ఎక్కువైనప్పుడు ఆపేది మాత్రం ఉండదు. ఇదీ అంతే.

ఈ ముక్క ఒంటబట్టకపోవడం వల్లే చాలామంది నిరాశపడతారు. సి డ్రైవులో ఏదో ఫోల్డరు డిలీట్ చేయబోతే ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనుమతి కావాలంటుంది. సరే, పెద్ద అకౌంట్‌ని లేపుదాం అని లేపి, అందులోంచి ప్రయత్నిస్తే మళ్లీ అదే మాట. ఎందుకంటే విండోస్ సొంత ఫైళ్ల యజమాని అడ్మినిస్ట్రేటర్ కాదు, ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే సర్వీసు. ఇదీ విస్టాతో వచ్చిన ఏర్పాటే. యజమాని హక్కు మన పేరుకి మార్చుకుంటే అనుమతి వస్తుంది, ఆ మార్చుకోవడం మీ మామూలు అడ్మిన్ అకౌంట్‌తోనూ అవుతుంది. అవుతుంది కదాని చేయమనను. విండోస్ తన ఫైళ్లని అంత గట్టిగా పట్టుకుందంటే వాటితో మనకి పనిలేదని అర్థం.

దీన్ని ఎప్పుడు లేపాలి

నా ఉద్దేశంలో ఇంటి కంప్యూటరులో దీనికి సరైన కారణం ఒక్కటే. మీ అకౌంట్ ప్రొఫైల్, అంటే మీ ఫైళ్లూ సెట్టింగులూ ఉండే చోటు, పాడైపోయి, లాగిన్ అయిన ప్రతిసారీ తాత్కాలిక ప్రొఫైల్ వస్తూ, డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తూ, హక్కులు మాత్రం ఇంకా పనిచేస్తున్న పరిస్థితి. పని జరుగుతుండగా కరెంటు పోయి యూపీఎస్ లేని డెస్క్‌టాప్ ఆగిపోతే ఇలాంటిది వచ్చే అవకాశం ఉంది, మన ఊళ్లలో గాలివాన రోజులకి ఇది కొత్తేమీ కాదు. అప్పుడు దాక్కున్న అకౌంట్‌తో లోపలికెళ్లి, కొత్త అకౌంట్ ఒకటి తయారుచేసి, పాత ఫోల్డర్లోని ఫొటోలూ కాగితాలూ అందులోకి కాపీ చేసుకుని, దీన్ని మళ్లీ నిద్రపుచ్చాలి. ముందే ఇంకో అకౌంట్ అడ్మిన్‌గా ఉంటే ఈ పని కూడా అక్కర్లేదు.

హోమ్ ఎడిషన్‌లో యూజర్లూ గ్రూపుల పట్టిక తెరిచే సాధనం ఉండదు, అది ప్రో ఎడిషన్‌కే. వీడియోలో చూపించింది మీ కంప్యూటరులో దొరకకపోవడానికి ఇదే కారణం. కాబట్టి కమాండ్ ప్రాంప్ట్ దారే. ఫోన్‌లో ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఇలా చెబుతాను. స్టార్ట్ నొక్కి సి, ఎం, డి అని మూడక్షరాలు కొట్టండి. కమాండ్ ప్రాంప్ట్ కనిపిస్తుంది, ఎంటర్ కొట్టేయకండి. దాని మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అనండి. నల్ల కిటికీ తెరుచుకున్నాక పై అంచున అడ్మినిస్ట్రేటర్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే కింది కమాండ్లకి సిస్టమ్ ఎర్రర్ 5, యాక్సెస్ ఈజ్ డినైడ్ అనే జవాబొస్తుంది.

ముందు పాస్‌వర్డ్ పెట్టాలి, తర్వాతే లేపాలి. చాలా వీడియోల్లో పాస్‌వర్డ్ మాటే ఉండదు. ఇంగ్లిష్ అక్షరాల్లో నెట్, ఖాళీ, యూజర్, ఖాళీ, అడ్మినిస్ట్రేటర్, ఖాళీ, 8 అంకె మీదుండే స్టార్ గుర్తు కొట్టి ఎంటర్ నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు టైపు చేస్తుంటే తెర మీద అక్షరం కాదు కదా, చుక్క కూడా పడదు. కీబోర్డు చెడిపోయిందని కంగారుపడక్కర్లేదు, అది తీసుకుంటూనే ఉంటుంది. రెండోసారి అడిగినప్పుడు మళ్లీ అదే కొట్టాలి. ఆ తర్వాత అదే వరుసలో స్టార్ బదులు ముందుకు వాలిన స్లాష్, దానికి అంటించి యాక్టివ్, కోలన్, యస్. కమాండ్ సక్సెస్‌ఫుల్ అని వస్తే అకౌంట్ లేచినట్టే. సైన్ అవుట్ అయితే లాగిన్ తెర మీద ఎడమ మూల కొత్త పేరు కనిపిస్తుంది. పని అయ్యాక యస్ బదులు నో పెట్టి మళ్లీ అదే కమాండు. చివర ఏదీ లేకుండా నెట్ యూజర్ అడ్మినిస్ట్రేటర్ అని మాత్రమే కొడితే అకౌంట్ మెలకువగా ఉందో లేదో, చివరిసారి ఎప్పుడు వాడారో చూపిస్తుంది. గంటస్తంభం పక్క సందుల్లోనో, విశాఖలోనో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు ఇది ఒకసారి కొట్టి చూడటం మంచిది.

మొదటిసారి ఆ అకౌంట్‌లోకి వెళ్లగానే గుండె గుభేలుమంటుంది. డెస్క్‌టాప్ మీద రీసైకిల్ బిన్ తప్ప పెద్దగా ఏమీ ఉండదు, పెళ్లి ఫొటోలు లేవు, ట్యాలీ ఫైళ్లు లేవు. ఏదీ పోలేదు. ఇది వేరే మనిషి గది, మీ సామాను సి డ్రైవులో యూజర్స్ అనే ఫోల్డరు కింద మీ పాత పేరుతో ఎక్కడిదక్కడే ఉంది.

డీటీపీ సెంటర్ల బాధ వేరు

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల పెళ్లి కార్డులూ ఫ్లెక్సీలూ చేసే షాపుల్లో ఈ అకౌంట్ ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది, పైగా పాస్‌వర్డ్ లేకుండా. వాళ్లని తప్పుపట్టడం తేలిక. అక్కడ నడిచేది 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, దానికి తోడు తెలుగు టైపు చేయించే స్క్రిప్ట్ మేనేజర్. అందరూ అడ్మిన్లుగా ఉన్న కాలంలో రాసిన ప్రోగ్రాములు తమ సెట్టింగులని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లోనే రాసుకునేవి. కొత్త విండోస్ అక్కడ రాయనివ్వదు. అలాగని పాత ప్రోగ్రాం కూలిపోకూడదని, ఆ రాతని గుట్టుగా మీ యూజర్ ఫోల్డర్లో వర్చువల్ స్టోర్ అనే చోటికి మళ్లిస్తుంది. ప్రోగ్రాంకి ఆ సంగతి తెలియదు. కానీ అదే ప్రోగ్రాంని అడ్మిన్‌గా తెరిస్తే ఈ మళ్లింపు ఉండదు, అసలు ఫోల్డర్నే చూస్తుంది. నిన్న చేసుకున్న సెట్టింగులు ఇవాళ మాయమయ్యాయని మొత్తుకునేది ఇక్కడే.

తెలుగు టైపు కాకపోవడం ఇంకో తలనొప్పి. తక్కువ హక్కులతో నడిచే ప్రోగ్రాం, ఎక్కువ హక్కులతో నడిచే కిటికీలోకి మీటలు పంపకుండా విండోస్ అడ్డుకుంటుంది. పేజ్‌మేకర్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని తెరిచి, కీబోర్డు ప్రోగ్రాంని మామూలుగా తెరిస్తే ఆ అడ్డు వచ్చి పడుతుంది, అ కొడితే ఇంగ్లిష్ ఎ పడుతుంది. రెండింటినీ ఒకే స్థాయిలో తెరిస్తే చాలు. షాపువాళ్లు కనిపెట్టిన చిట్కా ఏంటంటే, అంతా దాక్కున్న అకౌంట్‌లోనే చేసేయడం, అక్కడ అన్నీ ఒకే స్థాయి కదా. పని జరుగుతుంది. కానీ రోజుకి ముప్ఫైమంది పెన్‌డ్రైవులు గుచ్చే కంప్యూటరు అది. నేనైతే ఆ రెండు ప్రోగ్రాముల ఐకాన్ల ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌కి వెళ్లి, రన్ దిస్ ప్రోగ్రామ్ యాజ్ యాన్ అడ్మినిస్ట్రేటర్ అన్న గడిలో టిక్కు పెడతాను. పొద్దున్న రెండుసార్లు "అవును" కొట్టాలి. టీ చల్లారేలోపు అయిపోయే పని.

యూఏసీ పెద్ద కోటగోడ అని మాత్రం చెప్పను. దాన్ని భద్రతా సరిహద్దుగా లెక్కించబోమని మైక్రోసాఫ్టే చెబుతుంది, ప్రశ్న రాకుండా దాటిపోయే మాల్‌వేర్లు ఉన్నాయి. ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే రాన్‌సమ్‌వేర్‌కి మీ ఫొటోలకి తాళం వేయడానికి అడ్మిన్ హక్కులు అక్కర్లేదు, మీరు తెరవగలిగిన ఫైలుని అదీ తెరవగలదు. పూర్తి హక్కులు దొరికితే అదనంగా చేసేవి వేరే: విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ని ఆపడం, విండోస్ దాచుకున్న పాత నకళ్లని చెరిపేయడం, ఇంట్లో మిగతావాళ్ల ఫోల్డర్లలోకి కూడా వెళ్లడం. అంటే మీ ఒక్కరి నష్టం ఇంటిల్లిపాదికీ పాకుతుంది, తిరిగి తెచ్చుకునే దారీ మూసుకుపోతుంది.

ఇంకోటి, ఈమధ్య ఇదే ఎక్కువ భయపెడుతోంది. బ్యాంకు నుంచనో, కస్టమర్ కేర్ అనో ఫోన్ చేసి, దూరం నుంచి కంప్యూటరు చూసే యాప్ వేయించుకునేవాళ్లు. క్విక్ అసిస్ట్‌లాంటి వాటిలో యూఏసీ ప్రశ్న వచ్చినప్పుడు అవతలివాడికి ఆ తెర కనిపించదు, కూర్చున్న మనిషే నొక్కాలి. ఆ ఆగడమే పెద్దాయనకి "ఇదేంటి, ఇది ఎందుకు అడుగుతోంది" అని ఆలోచించుకునే సందు. దాక్కున్న అకౌంట్‌లో ఆ సందు ఉండదు. డబ్బు పోయిన పక్షంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే అంత మంచిది.

ఇది విండోస్ ఒక్కదాని గొడవే అనుకోవద్దు. మ్యాక్‌లో రూట్ అకౌంట్‌ని, అంటే అక్కడి పూర్తి హక్కుల అకౌంట్‌ని, యాపిల్ నిద్రపుచ్చే ఇస్తుంది, లినక్స్ రకమైన ఉబుంటులో రూట్‌కి తాళం వేసి, పని పడినప్పుడు మాత్రమే ఆ హక్కులిచ్చే సుడో అనే దారి ఇస్తారు. 2017 నవంబరులో మ్యాక్ హై సియెరాలో ఒక లోపం బయటపడింది: పేరు దగ్గర రూట్ అని కొట్టి, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలి ఒకటికి రెండుసార్లు ప్రయత్నిస్తే లోపలికి రానిచ్చేది. మొదటి ప్రయత్నమే నిద్రపోతున్న అకౌంట్‌ని ఖాళీ పాస్‌వర్డ్‌తో లేపేసేది, రెండోది అందులోకి తీసుకెళ్లేది. ఒక్క రోజులో యాపిల్ సరిదిద్దింది. విండోస్‌లో ఈ 500 అకౌంట్‌కి చాలాకాలం తప్పు పాస్‌వర్డ్‌లకి తాళం పడేది కాదు, ఎన్నిసార్లైనా ప్రయత్నించొచ్చు. 2022 అక్టోబరు అప్‌డేట్‌తో దానికీ తాళం వేసే వీలు కల్పించారు, కొత్తగా వేసిన విండోస్ 11లో పది తప్పులకి పది నిమిషాలు ఆగాలి.

అడ్మినే లేకుండా పోతే

యూఏసీ ప్రశ్న వస్తుంది, కానీ "అవును" బూడిద రంగులో ఉండి నొక్కడానికి రాదు, పాస్‌వర్డ్ కొట్టే గడి కూడా ఉండదు. ఇది చూశారంటే కంప్యూటరులో మెలకువగా ఉన్న అడ్మిన్ ఒక్కడూ లేడని అర్థం. సాధారణంగా చివరి అడ్మిన్‌ని మామూలు యూజర్‌గా మార్చడానికి విండోస్ ఒప్పుకోదు. దాక్కున్న అకౌంట్ లేచి ఉంటే మాత్రం, ఇంకొకడున్నాడు కదా అని ఒప్పుకుంటుంది. ఆ ధైర్యంతో మీ అకౌంట్‌ని మామూలుగా మార్చి, తర్వాత దాక్కున్న అకౌంట్‌ని నిద్రపుచ్చితే మీరు బయట, తాళం లోపల.

ఈ ఒక్క సందర్భానికి విస్టా నుంచే ఒక దారి పెట్టారు. మెలకువగా ఉన్న లోకల్ అడ్మిన్ ఎవరూ లేకపోతే, సేఫ్ మోడ్‌లో నిద్రపోతున్న అడ్మినిస్ట్రేటర్‌ని లోపలికి రానిస్తుంది. లాగిన్ తెర మీద షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్లి, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కాలి. డిస్క్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే మధ్యలో 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌లు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టినప్పుడు చాలావరకు తమంతట తామే డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసుకుంటాయి, ఆ కీ ఆ అకౌంట్‌లోనే ఉంటుంది. ఏ నంబరుతో ఆ అకౌంట్ తెరిచారో ఆ సిమ్ ఇప్పుడు వాడుకలో ఉందా అన్నది ముందు చూసుకోండి.

బెంగళూరు అబ్బాయి ఈసారి సంక్రాంతికో, పైడితల్లమ్మ పండక్కో వచ్చినప్పుడు చేయాల్సిన పని అరగంటది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్‌కి వెళ్లి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా ఒక లోకల్ అకౌంట్ తయారుచేసి, దాని రకం అడ్మినిస్ట్రేటర్‌గా మార్చాలి. దాని పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి నాన్నగారి చేతికివ్వాలి. నాన్నగారు రోజూ వాడే అకౌంట్ మాత్రం మామూలుదిగానే ఉండాలి, అసలైన గోడ యూఏసీ కాదు, అదే. లోకల్ అకౌంట్ కాబట్టి మూడు సెక్యూరిటీ ప్రశ్నలు కూడా అడుగుతుంది. వాటికి జవాబులు అబ్బాయి కాకుండా అమ్మ ఇస్తే మేలు, మర్చిపోయేది ఆవిడ కాదు. రికవరీ కీ ఉంటే అదీ ఆ కాగితం మీదే రాసి పెట్టుకోవచ్చు. తర్వాత ప్రింటరు డ్రైవరు అడిగితే నాన్నగారే ఆ పాస్‌వర్డ్ కొడతారు, 500 నంబరు వాణ్ణి లేపక్కర్లేదు.